గుండ్రటి అక్షరానికి సన్నగీత నప్పదా?

జనగామలోగానీ మహబూబాబాద్‌లోగానీ పెళ్లి కార్డు వేయించడానికి డీటీపీ షాపులో కూర్చున్నవాళ్లకు ఈ తంతు తెలిసే ఉంటుంది. అమ్మాయి, అబ్బాయి పేర్ల మొదటి అక్షరాలు ఇంగ్లీషులో పడతాయి. నిలువు గీత లావు, దాన్ని కలిపే గీత వెంట్రుకంత, కొసల్లో పదునైన పాదాలు, పైన బంగారు రంగు రేకు. కార్డు తెరవగానే కన్ను పడేది అక్కడే. పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు అడ్రసు మాత్రం తెలుగులో, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావున్న అక్షరాల్లో. తెలుగులో కూడా అలాంటి సొగసైన అక్షరం పెట్టమంటే జవాబు తయారుగా ఉంటుంది: “తెలుగుల అట్ల రాదు సార్, అక్షరం గుండ్రంగుంటది గదా.”

ఆ ఆపరేటర్‌ను తప్పు పట్టను. అతనికంటే చాలా పైనున్నవాళ్లు చెప్పే మాటనే అతను తన యాసలో చెప్పాడు. ఫాంట్లు గీసేవాళ్లలో, పత్రికల పేజీలు దిద్దేవాళ్లలో, డిజైన్ పాఠాలు చెప్పేవాళ్లలో చాలామందిది ఇదే నమ్మకం. తెలుగు లిపి తాటాకు మీద గంటంతో పెరిగింది, కాబట్టి గీత ఒకే మందంలో సాగడం దాని స్వభావం. లావు-సన్నం తేడా, అంటే కాంట్రాస్ట్, రోమన్ లిపి సొత్తు. తెచ్చి తగిలిస్తే అతుకు బయటపడుతుంది. పైగా ఒత్తులూ గుణింతాలూ కిక్కిరిసిన లిపిలో సన్నగీత కనపడదు, చదవడం కష్టం. అయినా అడిగేవాళ్లెవరున్నారు? ఇదీ వాళ్ల వాదన. ఇందులో ప్రతి ముక్కలోనూ కొంత నిజముంది. తీర్పే తప్పు.

తాటాకుతో మొదలుపెడదాం. గంటం ఆకును గీరుతుంది. గీరిన గాటులో మసి రుద్దితే అక్షరం తేలుతుంది. గంటం మొన ఒకటే కాబట్టి గీతా ఒకే మందంలో వస్తుంది. ఇంతవరకు ఒప్పుకోవలసిందే. కానీ అది గంటం గుణమా, లిపి గుణమా? రోమన్లు కూడా మైనం పూసిన పలకల మీద మొనదేలిన పుల్లతో రాసుకున్నారు. ఆ గీతలోనూ లావూ సన్నం లేవు. అంతమాత్రాన రోమన్ అక్షరం స్వభావం ఒంటిమందమే అని ఎవరూ అనరు. వెడల్పు మొన కలం, కుంచె, రాగిరేకు చెక్కే ఉలి ఒక్కొక్కటే చేతికి వచ్చేకొద్దీ ఆ అక్షరం మారుతూ వచ్చింది. 18వ శతాబ్ది చివర పారిస్‌లో డిడో, పార్మాలో బోడోనీ పోత పోయించిన అక్షరాల్లో ఆ తేడా కొసకు చేరింది. రాగిరేకు చెక్కడంలో పలికే నాజూకు గీతను సీసపు అక్షరంలోకి దించాలన్న పట్టుదలా, దాన్ని పట్టుకోగల నున్నటి కాగితమూ కలిస్తే పుట్టిన రూపమది. రోమన్ లిపికి అది పుట్టుమచ్చ కాదు. వందల ఏళ్లు రాసి రాసి సంపాదించుకున్నది.

మన చేతికి మాత్రం గంటం ఒక్కటే దొరికిందా? జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద ఉలీ సుత్తీ ఆడించి దేవుళ్లనూ లతలనూ జ్ఞాపికలనూ తీర్చే ఊరు. ఆ పనికి భౌగోళిక గుర్తింపూ ఉంది. రేకు మీద ఉలి ఎంత దిగితే గీత అంత వెడల్పవుతుంది, చెయ్యి తేలిక చేస్తే సన్నబడి మాయమవుతుంది. తీగ మెలిక తిరిగేది అలాగే. యూరప్ అక్షరానికి సన్నగీత నేర్పినదీ లోహం మీద ఉలి ఆడించే పనే. లతకు నప్పిన గీత ‘ల’కు ఎందుకు నప్పదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఫ్లెక్సీలు రాకముందు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లోనూ షట్టర్లు, గోడలు, బండి వెనక బోర్డులు రాసిన పెయింటర్ల చేతిలో ఉన్నది చదునైన కుంచె. దాన్ని వేళ్ల మధ్య తిప్పకుండా లాగితే ఒక దిక్కున లావు, అడ్డం తిరిగేచోట సన్నం వాటంతటవే పడతాయి. నేర్పినవాడు ఈ మాట చెప్పడు, కుంచే చెబుతుంది. బాపు తీర్చిన పుస్తకాల అట్టలు, ఈశ్వర్ రాసిన సినిమా టైటిళ్లు చూస్తూ పెరిగిన తరం కూడా తెలుగు అక్షరానికి ఒంటిమందమే రాసిపెట్టి ఉందని తలూపడం విడ్డూరం.

కాకతీయుల శాసనాలను మాత్రం నా వైపు సాక్ష్యానికి లాగను. 1213 నాటి పాలంపేట రామప్ప గుడి శాసనంలోనో (ఆ ఊరు 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోదే), గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనంలోనో బోడోనీని వెతకడం చరిత్రను మెలిపెట్టడమే అవుతుంది. రాతికి రాతి న్యాయం ఉంది. అయితే అవి ఇంకో సంగతి చెబుతాయి. వంశం, దానం, తేదీ నమోదైతే చాలనుకోవలసిన చోట కూడా వరుస చెదరకుండా అక్షరాన్ని తీర్చి చెక్కించారు. చదవడంతోపాటు చూడటానికీ నిలబెట్టిన అక్షరం ఈ ప్రాంతానికి దిగుమతి సరుకు కాదు. దానికి ఇవాళ డిస్‌ప్లే అని పేరు పెట్టుకున్నాం, అంతే.

అచ్చులోనూ ఇదే కథ. 19వ శతాబ్దిలో మద్రాసులో అచ్చయిన తెలుగు పుస్తకాలు తిరగేస్తే చాలావాటిలో గీత నిండుతుంది, పలచబడుతుంది, మళ్లీ నిండుతుంది. ఒంటిమందం రాజ్యమేలడం మొదలైంది ఆ తర్వాత. టైపు మిషన్ సుత్తికి ఒకే మందం కావాలి. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద సన్నగీత సిరాలో మునిగేది. మొదటి కంప్యూటర్ తెరల మీద చుక్కలు చాలక విరిగేది. ఒక్కొక్క యంత్రమూ తన ఇబ్బంది కొద్దీ ఒక్కొక్క పొర గీకింది. చివరికి డీటీపీ. అక్కడ ఏ ఫాంటు దొరికినా దానికి ఔట్‌లైన్ ఇచ్చి లావు చేయడం అలవాటు. ఉన్న కాస్త తేడా కూడా ఆ ఔట్‌లైన్ కిందే సమాధి. ఇన్ని యంత్రాల అవసరాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ కుప్పకు ‘లిపి స్వభావం’ అని పేరు పెట్టారు.

ఇక చదవలేరన్న మాట. ఇది మన దగ్గర పుట్టింది కాదు, కొత్తదీ కాదు. ఇంగ్లండులో బాస్కర్‌విల్ 1757లో తన అక్షరాలతో వర్జిల్ కావ్యాలు అచ్చువేశాడు. ఆ సన్నగీతలు చూసి కొందరు కళ్లు పోతాయన్నారు. అలా అన్న ఒక పెద్దమనిషికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక నమూనా కాగితం చూపించాడు. పేరు చింపేసి, బాస్కర్‌విల్‌ది అని ఇచ్చాడు, నిజానికది కాస్లన్ అక్షరం. అందరికీ అలవాటైన, ఆ పెద్దమనిషే అంతకాలం హాయిగా చదువుకున్న కాస్లన్. ఆయన అందులోనే కళ్లు మండే లోపాలన్నీ వేలుపెట్టి చూపించాడట. 1760లో ఫ్రాంక్లిన్ ఈ సంగతి బాస్కర్‌విల్‌కే ఉత్తరం రాశాడు. ఆ బాస్కర్‌విల్ అక్షరాన్ని ఇవాళ నవలల్లో హాయిగా చదువుతున్నారు. కంటికి ఏది అలవాటో అదే సుఖం. అలవాటు కానిదాన్ని కష్టమనడం కన్నుకున్న పాత జబ్బు.

మన ఊళ్ల లెక్కలోకి వద్దాం. “దూరానికి కనపడది” అనేది ఫ్లెక్సీ షాపుల్లో చివరి మాట. ఎనిమిదడుగులు, నాలుగడుగుల ఫ్లెక్సీ మీద అడుగు ఎత్తు అక్షరం వేశారనుకోండి. అందులో అన్నిటికన్నా సన్నగీత అక్షరం ఎత్తులో ఇరవయ్యో వంతు పెట్టినా 15 మిల్లీమీటర్లుంటుంది. మామూలు చూపున్న కన్ను 30 అడుగుల దూరంలో మూడు మిల్లీమీటర్ల లోపు గీతను కూడా పట్టుకోగలదు. అంటే రోడ్డుకు అవతలి పక్కన నిలబడ్డవాడికి ఆ సన్నగీత కావలసినదానికి ఐదు రెట్లు ఎక్కువే. 170 అడుగుల దాకా పోతేగానీ అది కంటికి అంచు మీదికి రాదు. ఫ్లెక్సీ మీద సిరా కొంత పాకుతుంది నిజమే, ముదురు రంగు మీద తెల్ల అక్షరమైతే గీత ఇంకా చిక్కిపోతుంది. ఇరవయ్యో వంతు బదులు పదిహేనో వంతు పెట్టుకోండి. సన్నగీతలో ఎంత సన్నం అనేది ఎప్పుడూ డిజైనర్ చేతిలోనే ఉంటుంది.

పెళ్లి కార్డు దగ్గర ఈ లెక్క కూడా అక్కర్లేదు. అదే కార్డు మీద, అదే మిషన్‌లో, అదే సిరాతో ఇంగ్లీషు అక్షరం తాలూకు వెంట్రుక గీత నిక్షేపంగా పడుతోంది. మిషన్‌కు భాష తెలియదు.

వ్యతిరేకులు గట్టిగా నిలబడగల చోటొకటుంది, అది వాళ్లకే వదిలేస్తాను. పుస్తకంలో పది, పన్నెండు పాయింట్ల సైజులో ఇంత తేడా ఉన్న అక్షరం వద్దు. ఔషధం సీసా చీటీ మీద వద్దు. ఆర్టీసీ బస్సు బోర్డు మీద వద్దు. భూపాలపల్లి సింగరేణి గని ముఖద్వారం దగ్గర భద్రతా సూచన మీద అసలే వద్దు. అక్కడ అక్షరం పని మనిషి ప్రాణం కాపాడటం. ఇంగ్లీషులో కూడా డిడోను అలాంటి చోట పెట్టరు. పెద్ద సైజుకని గీసిన అక్షరాన్ని పెద్ద సైజులోనే వాడాలి, చిన్న సైజుకు అదే కుటుంబంలో తేడా తగ్గించి వేరే అక్షరం గీయాలి. సీసపు అక్షరాల కాలంలో ప్రతి సైజుకూ విడిగా అచ్చు చెక్కేవాళ్లు కాబట్టి ఈ దిద్దుబాటు అందులోనే జరిగిపోయేది. మనం ఒకే ఫాంటును ఎనిమిది పాయింట్ల నుంచి ఎనిమిదడుగుల దాకా లాగి, విరిగిన చోట లిపిని తిడుతున్నాం.

మరి తెలుగులో ఇది ఎలా గీయాలి? వాళ్ల భయం అర్థమయ్యేది ఇక్కడే. చాలామంది చేసిన ప్రయత్నం బోడోనీ కాళ్లు తెచ్చి మన అక్షరానికి తగిలించడం. అది వికారం, అందులో నాకు అనుమానం లేదు. సెరిఫ్ (కొసల్లోని పాదం) వేరు, కాంట్రాస్ట్ వేరు. రోమన్ అక్షరానికి నిలువు కాండం ఉంది, దానికి పాదం కావాలి. తెలుగులో నిలబడ్డ కాండమే అరుదు. తలకట్టును సెరిఫ్ అనుకుని దానికి పదునైన కొసలు దిద్దేవాళ్లూ ఉన్నారు. తలకట్టు చేసే పని వేరు, గుణింతం మారితే అది చాలాచోట్ల పోతుంది, గుడి వస్తుంది, ఎత్వం వస్తుంది. దాని మీద అలంకారమంతా మోపితే ‘ప’కు ఉన్న సొగసు ‘పి’కి ఉండదు. తలకట్టే లేని ‘బ’, ‘ల’, ‘జ’, ‘ట’ అక్షరాలు పక్కన బోసిగా నిలబడతాయి.

మా మూడు ఊళ్ల పేర్లే కాగితం మీద పెట్టుకుని గీసి చూడండి, సమస్యలన్నీ వాటిలోనే ఉన్నాయి. జనగామ తేలిక. నాలుగు విశాలమైన అక్షరాలు, ఒత్తు లేదు. ‘గా’ కమాను మీద గీత పలచబడి, కాళ్ల దగ్గర నిండితే చాలు, పదానికి నడక వచ్చేస్తుంది. మహబూబాబాద్‌లో ‘బ’ మూడుసార్లు వస్తుంది. ఒంటిమందంలో అవి ఒకే అచ్చులో తీసిన మూడు మూకుళ్లు. అడుగు వంపులో బరువు నింపి, పైకి లేచే చేతులను సన్నం చేస్తే అదే పునరావృతి తాళంలా మారుతుంది. రోమన్ ‘ఓ’లో బరువు రెండు పక్కల కూర్చుంటుంది, తెలుగు వంపులో అది పొట్ట అడుగున కూర్చోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే చెయ్యి నిదానించి మలుపు తిరిగేది అక్కడే. దీన్ని కాదనే మంచి డిజైనర్లుంటారు, వాళ్లతో వాదించడం నాకు ఇష్టమే. వాళ్లు కనీసం గీస్తున్నారు.

అసలు పరీక్ష భూపాలపల్లి. తలకట్టును పక్కన పెడితే, ‘భ’ను ‘బ’ నుంచి విడదీసి మహాప్రాణం చేసేది కింద ఉండే చిన్న నిలువు గీతే. ధ, ఫ, ఛలకూ అంతే. దాన్ని వెంట్రుక గీతగా చేసినవాడు అక్షరాన్ని చంపినట్టే. నియమం సులువు: ఒక అక్షరాన్ని ఇంకో అక్షరం నుంచి విడదీసే గీత ఎప్పుడూ సన్నగీత కాకూడదు, రెండు నిండు వంపులను కలిపే గీత మాత్రమే సన్నబడాలి. తర్వాత ‘ల్లి’. కింది ఒత్తు పైఅక్షరాన్ని కుదించినది కాదు. కుదిస్తే లావు గీతలు సన్నబడతాయి, సన్నగీతలు కరిగిపోతాయి. ఒత్తును విడిగా, దాని సైజుకు తగ్గ మందంతో మళ్లీ గీయాలి. ఇది ఓపిక పని. ఒక్క తెలుగు ఫాంటుకు గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల రూపాలు గీయాలి, సన్నగీత ఉంటే ప్రతిదానిలోనూ తూకం చూడాలి. కష్టమంటే ఒప్పుకుంటాను. అసాధ్యమనడం ఆ కష్టానికి వేసిన ముసుగు.

అసాధ్యం కాదని చెప్పడానికి మన కంప్యూటర్లలోనే సాక్ష్యముంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన రెండు ఉచిత ఫాంట్లు చాలామంది వాడే ఉంటారు: పోతన 2000, వేమన 2000. వేమన ఒకే మందంలో సాగుతుంది. పోతనలో గీత నిండి, తగ్గుతుంది. పోతన ఊరు బమ్మెర జనగామ జిల్లాలో ఉంది కాబట్టి ఈ పేరు పెట్టడం చూసి కొంచెం గర్వపడితే పాఠకులు మన్నించాలి. మూర్తి క్లాసికల్ లైబ్రరీ కోసం హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2015లో పెద్దన మనుచరిత్రను తెచ్చినప్పుడు దానికని తయారైన తెలుగు అక్షరం, తర్వాత టైరో తెలుగు పేరుతో అందరికీ దొరికింది. అందులోనూ లావు-సన్నం తేడా దాచుకోలేదు. అయితే పోతన, టైరో రెండూ పుస్తకపు లోపలి పేజీకి చేసినవి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన పెద్దన, తిమ్మన, రామరాజ వగైరా ఫాంట్లలో శీర్షికల కోసం చేసినవీ ఉన్నాయి గానీ, నా కంటికి చాలావాటి బలం లావులోనో అలంకారంలోనో ఉంది. 2022లో వచ్చిన అనేక్ తెలుగులో అక్షరాన్ని లావూ సన్నం చేసుకోవచ్చు, వెడల్పూ ఇరుకూ చేసుకోవచ్చు. ఒకే అక్షరంలో రెండు మందాల మధ్య దూరం పెంచుకునే మీట మాత్రం లేదు. ఖాళీ ఉన్నది సరిగ్గా అక్కడ, పెద్ద సైజులో, సొగసు కోసమని గీసిన అక్షరం దగ్గర.

“అడిగేవాళ్లెవరు?” చూపించనిదాన్ని ఎవరడుగుతారు? ప్లేఫెయిర్ డిస్‌ప్లే అనే ఇంగ్లీషు ఫాంటు 2011లో ఉచితంగా వచ్చింది. అంతకుముందు అలాంటి అక్షరం కావాలని ఏ డీటీపీ షాపు ముందూ ఎవరూ ధర్నా చేయలేదు. దొరికింది, వాడారు, అందరూ అదే కావాలన్నారు. చిన్న ఊళ్లకు ఇలాంటివి ఎందుకనే మాట వెనకున్న చిన్నచూపు గురించి చెప్పాలంటే, 1922లో ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ వారపత్రికను నడిపింది హైదరాబాదులో కాదు, ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఇనుగుర్తిలో. నిజాం రాజ్యంలో, ఒక పల్లెలో, తెలుగు పత్రిక. అప్పుడు కూడా అడిగినవాళ్లెవరని ఎదురు ప్రశ్న వేసుకుని ఊరుకుంటే ఆ పత్రిక ఉండేది కాదు.

ఈ నమ్మకం చేసే అసలు చెరుపు పని విభజనలో ఉంది. సొగసు ఇంగ్లీషుకు, సమాచారం తెలుగుకు. కార్డు ముందు భాగం, నగల షాపు బోర్డు, ఫంక్షన్ హాలు కమాను ఇంగ్లీషుకు వెళ్లాయి. అడ్రసు, ఫోన్ నంబరు, ‘బంధుమిత్రులందరికీ ఇదే మా ఆహ్వానం’ తెలుగుకు మిగిలాయి. లంబాడీ తండాల్లో గోర్ బోలీ మాట్లాడే ఇళ్ల పెళ్లిళ్లకు కూడా ఇదే లిపి, ఇదే వాటా. 2025 మే నెలలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. అక్షరానికి అధిదేవత అని మనం చెప్పుకునే ఆమె పేరును నిండుగా, నాజూకుగా రాయడానికి తగిన తెలుగు డిస్‌ప్లే అక్షరం మార్కెట్లో లేకపోవడం ఎవరికీ కొరతగా తోచకపోతే, దానికి కారణం గుండ్రటి లిపి కాదు. తెలుగు అక్షరం నుంచి అందం ఆశించడం మానేశాం.

నేను ఓడిపోయే పద్ధతి కూడా చెబుతాను. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ మీద మూడు ఊళ్ల పేర్లు వేయండి. అడుగు ఎత్తు అక్షరాలు, ఎత్తులో పదిహేనో వంతు సన్నగీత, నిండు వంపులో ఏడో వంతు లావు, ‘భ’ కింది గీతకు పూర్తి బరువు, ‘ల్లి’ ఒత్తు విడిగా గీసినది. పక్కనే ఇవాళ వాడుతున్న ఒంటిమందపు అక్షరంలో అవే పేర్లు, అదే సైజులో. జనగామ చౌరస్తాలో రోడ్డుకు ఇవతల పెట్టి, అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లను చదవమనండి. వాళ్లలో ఎక్కువమంది భూపాలపల్లిని ‘బూపాలపల్లి’ అని చదివితే, లేదా మొదటిదాన్ని చదవడానికి రెండోదానికంటే ఎక్కువసేపు తీసుకుంటే, ఈ వ్యాసంలో చదవడం గురించి రాసిన పేరాలన్నీ వెనక్కి తీసుకుంటాను. నప్పదని చెబుతున్నవాళ్లు ఆ ఫ్లెక్సీ ఒక్కసారి వేసి చూశారా అన్నదే నా ప్రశ్న. ఖర్చు నేను పెట్టుకుంటాను.